చర్మంపై మచ్చలు చెప్పిన సాక్ష్యం: వైద్యుడు షోన్‌లైన్ జీవితగాథ

పిల్లవాడికి గొంతునొప్పి, జలుబు వచ్చి తగ్గిన వారం పది రోజులకు కాళ్లపై ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. ఇంట్లోవారు మొదట దోమకాటనుకుంటారు, ఆ తరువాత వేడి చేసిందనుకుంటారు. చుక్కలు ఊదారంగుకు తిరిగి, చేతితో తడిమితే కాస్త ఉబ్బెత్తుగా తగిలి, చీలమండలు వాచి, పిల్లవాడు అడుగు వేయలేనన్నప్పుడు ఆసుపత్రికి తీసుకువెళతారు. అక్కడ వైద్యులు కాగితంపై రాసే పేరు పలకడానికే కష్టంగా ఉంటుంది: హెనాక్ షోన్‌లైన్ పర్ప్యురా.

చర్మంలోని అతి సూక్ష్మమైన రక్తనాళాలు వాచి, వాటి గోడలు దెబ్బతిని, నెత్తురు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరడం వల్ల ఈ మచ్చలు ఏర్పడతాయి. వైద్యశాస్త్రంలో దీనిని చిన్న రక్తనాళాల వాస్క్యులైటిస్ అంటారు. ఈ కోవకు చెందిన వ్యాధులు అనేకం ఉన్నాయి. పిల్లలలో అన్నిటికంటే తరచుగా కనిపించేది పైన చెప్పిన వ్యాధి. దాని పేరులో ఇద్దరు జర్మన్ వైద్యులున్నారు. ఒకరు గురువు, మరొకరు ఆయన శిష్యుడు. ఆ గురువే యోహాన్ లూకాస్ షోన్‌లైన్. చర్మంపై పుట్టిన మచ్చను చర్మవ్యాధిగా మాత్రమే చూడరాదని, శరీరంలో మరెక్కడో జరుగుతున్న అలజడికి అది సాక్ష్యం కావచ్చునని తన విద్యార్థులకు నేర్పిన వైద్యుడాయన.

తాళ్లు పేనేవాని కుమారుడు

షోన్‌లైన్ 1793 నవంబరు 30న దక్షిణ జర్మనీలోని బాంబెర్గ్ పట్టణంలో జన్మించారు. తండ్రిది తాళ్లు పేనే వృత్తి. ఆనాడు బాంబెర్గ్ ఒక బిషప్పు పాలనలోని చిన్న సంస్థానం. షోన్‌లైన్ బాల్యంలోనే నెపోలియన్ యుద్ధాల తాకిడికి ఆ సంస్థానం అంతరించి, పట్టణం బవేరియా రాజ్యంలో కలిసిపోయింది. పాత వ్యవస్థలు కూలి కొత్తవి నిలదొక్కుకుంటున్న కాలంలో ఆయన పెరిగి పెద్దవాడయ్యారు.

1811లో ఆయన లాండ్స్‌హుట్ విశ్వవిద్యాలయంలో చేరారు. తొలుత ఆయన మనసు ప్రకృతిశాస్త్రాలపై ఉండేది. మొక్కలు, ఖనిజాలు, శిలాజాలు ఆయనకు ప్రాణం. ఆ ఇష్టం జీవితాంతం నిలిచింది. తన ప్రాంతపు కొండల్లో దొరికిన శిలాజ వృక్షాలపై ఆయన చేయించిన చిత్రాలు ఆయన మరణానంతరం గ్రంథరూపంలో వెలువడ్డాయి. లాండ్స్‌హుట్ నుంచి వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి మారి, పిండోత్పత్తి శాస్త్రంలో పేరుగాంచిన ఇగ్నాజ్ డోలింగర్ వద్ద చదువుకున్నారు. మెదడు రూపాంతరాలపై సిద్ధాంత వ్యాసం సమర్పించి 1816లో వైద్యపట్టా పొందారు.

ఆనాటి జర్మన్ వైద్యంలో తాత్త్విక ఊహలకే పెద్దపీట. వ్యాధి అంటే ఏమిటో, ప్రాణశక్తి ఎక్కడుంటుందో గ్రంథాలకు గ్రంథాలు రాసేవారు. రోగి మంచం దగ్గర కూర్చుని ఛాతీపై చెవి ఆనించి వినేవారు మాత్రం తక్కువ. మొక్కలను ఒక్కొక్కటిగా తీసి ఆకు, పువ్వు, వేరు పరిశీలించే అలవాటున్న షోన్‌లైన్‌కు ఈ ధోరణి రుచించలేదు. వ్యాధులను కూడా వృక్షశాస్త్రజ్ఞుడు మొక్కలను చూసినట్టే చూడాలని ఆయన భావించారు.

రోగి మంచమే పాఠశాల

1819లో వుర్జ్‌బర్గ్‌లోని యూలియస్ ఆసుపత్రిలో వైద్యవిభాగం బాధ్యత ఆయన చేతికి వచ్చింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. 1824లో పూర్తిస్థాయి ఆచార్యులయ్యారు. కొద్దికాలంలోనే జర్మన్ రాజ్యాల నలుమూలల నుంచీ విద్యార్థులు వుర్జ్‌బర్గ్‌కు రావడం మొదలుపెట్టారు.

వారిని ఆకర్షించింది ఆయన బోధనావిధానం. ఛాతీని వేళ్లతో తట్టి లోపలి స్థితిని గ్రహించే పద్ధతి, ఫ్రాన్స్‌లో అప్పుడప్పుడే పుట్టిన స్టెతస్కోపు ఆయన వార్డులో నిత్యకృత్యాలయ్యాయి. రోగి మూత్రాన్ని, రక్తాన్ని రసాయన పరీక్షకు పంపేవారు. అనుమానం వస్తే సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసేవారు. రోగి మరణిస్తే, బతికి ఉండగా తాము వేసిన అంచనా సరియైనదా కాదా అని శవపరీక్షలో సరిచూసుకునేవారు. ఈనాడు ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా మూత్రపరీక్ష, రక్తపరీక్ష సర్వసాధారణం. రెండువందల ఏళ్ల క్రితం వాటిని వార్డులోని దైనందిన విధిగా మార్చిన కొద్దిమందిలో షోన్‌లైన్ ఒకరు.

విచిత్రమేమంటే, ఇంతటి అధ్యాపకుడు రాసినది అత్యల్పం. సిద్ధాంత వ్యాసం పోగా రెండు చిన్న శాస్త్రీయ వ్యాసాలు మాత్రమే ఆయన స్వహస్తంతో లోకానికి అందాయి. ఆయన చెప్పిన పాఠాలను విద్యార్థులు రాసుకున్నారు. ఆ రాతప్రతులే 1832లో పుస్తకంగా అచ్చయి మళ్లీ మళ్లీ ముద్రణ పొందాయి. గాయమైతే నెత్తురు గడ్డకట్టని వంశపారంపర్య వ్యాధికి హీమోఫిలియా అనే పేరు తొలిసారి 1828లో వుర్జ్‌బర్గ్‌లోని ఆయన శిష్యుడొకరి సిద్ధాంత వ్యాసం ద్వారానే ప్రచారంలోకి వచ్చింది. మనం క్షయ అని పిలిచే వ్యాధికి ట్యూబర్‌క్యులోసిస్ అనే పేరు ఆయనే పెట్టారని వైద్యచరిత్ర చెబుతుంది. పేర్లు నిలిచాయి కానీ, పెట్టినవారి కలం నుంచి వచ్చిన పుటలు మాత్రం వేళ్లపై లెక్కపెట్టదగినన్నే.

కొలువు పోయిన ఆచార్యుడు

1830లో పారిస్‌లో జూలై విప్లవం చెలరేగింది. దాని ప్రభావం జర్మన్ రాజ్యాలకూ పాకింది. రాజ్యాంగ హక్కులు, పత్రికా స్వేచ్ఛ కోరే వారి సంఖ్య పెరిగింది. వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆ భావాలకు ఒక కేంద్రంగా మారింది. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ ప్రభుత్వం ఉదారవాదులపై కత్తి దూసింది. షోన్‌లైన్ కూడా ఆ జాబితాలో చేరారు. ఆయనను ఆచార్య పదవి నుంచి తొలగించి, బోధనతో సంబంధం లేని ఉద్యోగంలో పాసావ్ పట్టణానికి బదిలీ చేశారు.

విద్యార్థులూ, వార్డూ లేని ఆ ఉద్యోగాన్ని ఆయన అంగీకరించలేదు. బవేరియాను విడిచిపెట్టారు. పుట్టిన ఊరికి, ఏళ్ల తరబడి శ్రమించి తీర్చిదిద్దిన వార్డుకు ఏకకాలంలో దూరమయ్యారు. ఆ సమయానికి ఆయనకు నలభై ఏళ్లు నిండలేదు.

స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో 1833లో కొత్త విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. జర్మన్ రాజ్యాల నుంచి వెలివేతకు గురైన పండితులకు అది ఆశ్రయమిచ్చింది. షోన్‌లైన్ అక్కడ వైద్యవిభాగం అధిపతిగా చేరారు. ఆయనలాగే రాజకీయ కారణాలతో అక్కడికి చేరిన యువరచయిత గియోర్గ్ బ్యూఖ్నర్ 1837 ఫిబ్రవరిలో టైఫస్ జ్వరం పాలైనప్పుడు, చివరి రోజుల్లో చూడడానికి పిలిపించింది షోన్‌లైన్‌నే. అప్పటికే చేయిదాటిపోయింది. జర్మన్ నాటకసాహిత్యానికి కొత్త దారి చూపిన ఆ రచయిత ఇరవైమూడేళ్లకే కన్నుమూశాడు. రోగాన్ని గుర్తించగలిగినా నయంచేసే మందు లేని కాలమది.

కీళ్లనొప్పి, కాళ్లమచ్చ

అదే 1837లో షోన్‌లైన్ పాఠాల కొత్త ముద్రణ వెలువడింది. అందులో ఆయన పెలియోసిస్ రుమాటికా అనే వ్యాధిని వివరించారు. చీలమండలు, మోకాళ్లు నొప్పితో వాస్తాయి. దానితోపాటు ముఖ్యంగా మోకాలి దిగువన ధాన్యపు గింజలంత చిన్న ఎర్రమచ్చలు గుంపులు గుంపులుగా లేస్తాయి. కొన్ని మాయమవుతుండగా మరికొన్ని పుడతాయి. ఈ రెండు లక్షణాలూ యాదృచ్ఛికంగా కలిసినవి కావని, రెండింటికీ మూలం ఒకటేనని ఆయన నిర్ధారించారు.

చర్మం కింద నెత్తురు చేరి ఏర్పడే మచ్చలను ఆయనకు ముందే వైద్యులు ఎరుగుదురు. జర్మన్ వైద్యుడు పాల్ వెర్ల్‌హోఫ్ 1735లో ఒక రకాన్ని వర్ణించారు. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ విల్లన్ చర్మవ్యాధుల వర్గీకరణలో పర్ప్యురాకు ప్రత్యేక స్థానమిచ్చారు. లండన్ వైద్యుడు విలియం హెబెర్డెన్ మరణానంతరం 1802లో వెలువడిన గ్రంథంలో అయిదేళ్ల బాలుని ప్రస్తావన ఉంది. ఆ బాలునికి కాలిపై నెత్తుటి మచ్చలు, కడుపునొప్పి, నెత్తురు కలిసిన మలమూత్రాలు ఉన్నట్టు ఆయన రాశారు. ఈనాటి వైద్యుడు చదివితే వ్యాధిని తక్షణం గుర్తుపట్టగలడు. అయితే హెబెర్డెన్‌కు అది తాను చూసిన అనేక వింతలలో ఒకటి మాత్రమే. మచ్చనూ, కీలునూ ఒకే సూత్రానికి కట్టి, దానికొక పేరిచ్చి, ఇకపై ఇలా కనిపిస్తే ఇలా ఆలోచించండని పాఠం చెప్పింది షోన్‌లైన్.

ఈ అడుగు ప్రాముఖ్యం ఏమిటి? కాళ్లపై నెత్తుటి మచ్చలకు కారణాలు అనేకం. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ కణాలు తగ్గినా మచ్చలు వస్తాయి. మన ప్రాంతంలో డెంగీ జ్వరంలో ఇలా జరగడం చాలామందికి తెలిసిన విషయమే. రక్తనాళపు గోడే దెబ్బతిన్నా మచ్చలు వస్తాయి. మొదటి దానిలో నాళంలో ప్రవహించే రక్తంలో లోపం ఉంటుంది. రెండవ దానిలో నాళంలో లోపం ఉంటుంది. షోన్‌లైన్ విడదీసి చూపిన రోగుల గుంపు రెండవ కోవకు చెందినది. చికిత్స వేరు, ప్రమాదం వేరు, జాగ్రత్త వేరు. ఆయన కళ్లతో చూసి విడదీసిన ఆ గుంపుకు అసలు కారణం తేలడానికి శతాబ్దం పైగా పట్టింది.

ఆయన చూడలేకపోయినది

చర్మపు పైపొర కింద, అంతశ్చర్మంలో వెంట్రుకకంటే సన్నని రక్తనాళాల వల ఉంటుంది. కేశనాళికల నుంచి నెత్తురు తిరిగి గుండె వైపు బయలుదేరే తొలి మజిలీలో ఉండే సూక్ష్మసిరలే ఈ వ్యాధికి ప్రధాన రంగస్థలం. శరీరంలోకి క్రిమి గానీ, పడని ఔషధం గానీ ప్రవేశించినప్పుడు రోగనిరోధక వ్యవస్థ ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది. అవి ఆ పరాయి పదార్థంతో ముడిపడి చిన్న చిన్న ముద్దలవుతాయి. మామూలుగా శరీరం వాటిని శుభ్రం చేసుకుంటుంది. కొందరిలో అవి తప్పించుకుని సూక్ష్మసిరల గోడలకు అంటుకుంటాయి.

అక్కడి నుంచి ఒకదాని వెంట ఒకటిగా సంఘటనలు సాగుతాయి. కాంప్లిమెంట్ అని పిలిచే రక్తంలోని ప్రొటీన్లు మేల్కొని ప్రమాదసూచన పంపుతాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు పరుగున వస్తాయి. శత్రువు కోసం దాచుకున్న రసాయనాలను నాళపు గోడపైనే కుమ్మరిస్తాయి. ఆ పోరులో అవి కూడా పగిలి, వాటి కేంద్రకాలు పొడిపొడిగా రాలుతాయి. సూక్ష్మదర్శినిలో కనిపించే ఆ ధూళిని బట్టే వైద్యులు ఈ స్థితిని ల్యూకోసైటోక్లాస్టిక్ వాస్క్యులైటిస్ అంటారు. గోడ తూట్లు పడగానే ఎర్రకణాలు బయటకు ఊరతాయి. నెత్తురు నాళం దాటి వచ్చింది కనుక వేలితో నొక్కినా మచ్చ తెల్లబడదు. వాపు కూడా తోడవుతుంది కనుక చేతికి ఉబ్బెత్తుగా తగులుతుంది.

మచ్చలు కాళ్లపైనే ఎక్కువగా ఎందుకు వస్తాయన్న ప్రశ్నకూ సమాధానం దొరికింది. నిలబడినప్పుడు భూమ్యాకర్షణ వల్ల కాళ్లలోని సిరలపై ఒత్తిడి పెరుగుతుంది, ప్రవాహం మందగిస్తుంది. ప్రతిరక్షకాల ముద్దలు నిలిచిపోవడానికి అదే అనువైన చోటు. మంచం పట్టిన రోగిలో ఇవే మచ్చలు నడుము కింద, పిరుదులపై కనిపించడానికి కారణం కూడా ఇదే.

ఇవేవీ షోన్‌లైన్ ఎరుగరు. ప్రతిరక్షకం అనే భావన అప్పటికి పుట్టలేదు. చర్మపు ముక్కను రంగులద్ది పరీక్షించే పద్ధతులు లేవు. కానీ ఎక్కడ వెదకాలో చెప్పే గుర్తు మాత్రం ఆయన విడిచి వెళ్లారు.

పట్టుపురుగు చూపిన దారి

జ్యూరిక్‌లో ఉండగానే ఆయన మరో ముఖ్యమైన ఆవిష్కరణ చేశారు. ఇటలీలో అగొస్తీనో బస్సీ అనే పరిశోధకుడు పట్టుపురుగులు సున్నం పట్టినట్టు తెల్లబడి చనిపోయే తెగులుకు ఒక సూక్ష్మమైన బూజు కారణమని 1835లో ప్రకటించారు. ఆ వార్త చదివిన షోన్‌లైన్‌కు ఒక ఆలోచన తట్టింది. మనుషుల తలపై పసుపుపచ్చని పెచ్చులు కట్టే ఫేవస్ అనే చర్మవ్యాధిలోనూ అటువంటిదే ఉండవచ్చునా? పెచ్చును తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే బూజు పోగులు కనిపించాయి. 1839లో ఆయన దీనిని ఒక పుటను మించని లేఖగా ప్రకటించారు. మానవవ్యాధికి కంటికి కనిపించని జీవి కారణం కాగలదని సూచించిన తొలి రచనలలో ఆ చిన్న లేఖ ఒకటి. పాశ్చర్, కోఖ్‌లు సూక్ష్మజీవ సిద్ధాంతాన్ని స్థాపించడానికి అప్పటికి ఇంకా దశాబ్దాలున్నాయి.

బెర్లిన్‌లో రాబర్ట్ రెమాక్ అనే యువశాస్త్రజ్ఞుడు కూడా ఆ పెచ్చులలో అవే పోగులను చూశారు. తరువాత ఆయన షోన్‌లైన్ వద్ద సహాయకునిగా చేరారు. మతం మార్చుకోని యూదుడు కావడం వల్ల విశ్వవిద్యాలయ పదవులకు దూరమైన రెమాక్‌కు షోన్‌లైన్ ప్రయోగశాల చోటిచ్చింది. రెమాక్ ఆ పెచ్చును తన చేతికే అంటించుకుని వ్యాధి సోకుతుందని రుజువు చేశారు. 1845లో ఆ బూజుకు గురువు పేరు కలిపి నామకరణం చేశారు.

బెర్లిన్ వైభవం, మారిన కాలం

1840లో షోన్‌లైన్ బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఆచార్యునిగా బాధ్యతలు స్వీకరించారు. ఒక రాజు కొలువు తీసివేసిన మనిషి మరొక రాజుకు, ప్రష్యా పాలకుడు నాలుగవ ఫ్రెడరిక్ విలియమ్‌కు, ఆంతరంగిక వైద్యుడయ్యారు. అంతకుముందు షారిటేలో వైద్యపాఠాలు లాటిన్ భాషలో సాగేవి. షోన్‌లైన్ జర్మన్‌లో చెప్పడం ప్రారంభించారు. రోగి తన బాధను చెప్పుకునే భాషలోనే వైద్యుడు ఆలోచించడం, విద్యార్థి అర్థం చేసుకోవడం దీనితో సాధ్యమైంది. మాతృభాషలో విజ్ఞానబోధ జరగాలా వద్దా అని నేటికీ చర్చించుకునే మన దేశంలో ఈ నిర్ణయం విలువ వేరే చెప్పనవసరం లేదు.

అయితే కాలం ఆయనను దాటి ముందుకు సాగింది. వ్యాధులను మొక్కలలాగా వర్గాలుగా, కుటుంబాలుగా, జాతులుగా విభజించాలన్న ఆయన పథకం క్రమంగా ఆదరణ కోల్పోయింది. వ్యాధి అనేది మొక్కలాగా స్వతంత్రంగా బతికే పదార్థం కాదని, శరీరంలోని కణాలలో జరిగే మార్పు అని కొత్త తరం వాదించింది. ఆ తరానికి నాయకుడైన రుడాల్ఫ్ విర్కో బెర్లిన్‌లో షోన్‌లైన్ పాఠాలు విన్నవారే. విర్కో కూడా 1848 విప్లవం తరువాత రాజకీయ భావాల కారణంగా బెర్లిన్‌లో చిక్కులు ఎదుర్కొని, కొంతకాలం వుర్జ్‌బర్గ్‌లో బోధించారు. గురువు పోగొట్టుకున్న విశ్వవిద్యాలయమే శిష్యునికి ఆశ్రయమైంది. గురువు సిద్ధాంతాన్ని కాదన్నప్పటికీ, గురువు నేర్పిన పరిశీలనా పద్ధతిని ఆ శిష్యులెవరూ విడిచిపెట్టలేదు.

శిష్యుడు కలిపిన తంతువులు

షోన్‌లైన్ మచ్చకూ కీలుకూ ఉన్న బంధాన్ని చూపారు. మిగిలిన కథను ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ హెనాక్ పూర్తిచేశారు. 1820లో బెర్లిన్‌లో జన్మించిన హెనాక్ పిల్లల వైద్యంలో జర్మనీలోనే పేరెన్నికగన్నవారు. షారిటేలో పిల్లల విభాగానికి అధిపతిగా రెండు దశాబ్దాలు పనిచేశారు. మచ్చలు, కీళ్లవాపులతో వచ్చిన పిల్లలలో కొందరికి తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, నెత్తుటి విరేచనాలు ఉండడం ఆయన గమనించారు. 1868లోనూ, 1874లోనూ ఆ వివరాలు ప్రకటించారు. మూత్రపిండాలు సైతం ఈ వ్యాధి బారిన పడతాయని తరువాతి రచనలలో పేర్కొన్నారు. కెనడాలో పుట్టిన ప్రఖ్యాత వైద్యుడు విలియం ఆస్లర్ 1895 నుంచి రాసిన వ్యాసాలలో చర్మం, పేగులు, మూత్రపిండాలలో కనిపించే ఈ లక్షణాలన్నీ ఒకే వ్యాధికి వేర్వేరు ముఖాలని సవివరంగా చూపారు.

చర్మంలో జరిగే విధ్వంసమే పేగుల గోడలోని నాళాలలో జరిగితే కడుపునొప్పి. మూత్రపిండంలో నెత్తురును వడపోసే సూక్ష్మనాళాలలో వాపు పుడితే మూత్రంలో రక్తం, ప్రొటీను. కాలిపై కంటికి కనిపిస్తున్నది లోపల కనిపించకుండా జరుగుతున్న దానికి నమూనా మాత్రమే.

పారిస్ వైద్యుడు జాన్ బెర్జే 1968, 1969 సంవత్సరాలలో మూత్రపిండాల కణజాలాన్ని మెరిసే రంగులతో పరీక్షించి, ఐజిఏ అనే ప్రతిరక్షకం అక్కడ పేరుకున్నట్టు కనుగొన్నారు. ముక్కు, గొంతు, పేగుల లోపొరలను కాపాడే ప్రతిరక్షకమిది. గొంతునొప్పి తగ్గిన కొద్దిరోజులకు మచ్చలు ఎందుకు వస్తాయన్న సందేహం దీనితో చాలావరకు తీరింది. 2012లో అంతర్జాతీయ నిపుణుల బృందం సవరించిన నామావళిలో ఈ వ్యాధికి ఐజిఏ వాస్క్యులైటిస్ అనే పేరు ఖాయమైంది. కనిపెట్టినవారి పేరు స్థానంలో కారణం పేరు వచ్చింది. పేర్లకంటే పరిశీలనకే విలువనిచ్చిన షోన్‌లైన్‌కు ఇది అగౌరవం కాదు.

చివరి సంవత్సరాలు

ఆయన వ్యక్తిగత జీవితంలో దుఃఖం తక్కువేమీ కాదు. భార్య తెరేసా 1846లో మరణించారు. ప్రకృతిశాస్త్రాలపై తండ్రికున్న మక్కువనే పుణికిపుచ్చుకున్న కుమారుడు ఫిలిప్ పరిశోధనయాత్రకై పశ్చిమ ఆఫ్రికా వెళ్లి 1856లో అక్కడే కన్నుమూశాడు. 1859లో షోన్‌లైన్ బెర్లిన్ పదవి నుంచి విరమించుకుని బాంబెర్గ్‌కు తిరిగివచ్చారు. పుస్తకాలు, శిలాజాలు, కొద్దిమంది మిత్రులు తోడుగా చివరి అయిదేళ్లు గడిపి, 1864 జనవరి 23న పుట్టిన ఊరిలోనే తనువు చాలించారు. సరిగ్గా ఏడాదికి, తొలి వర్ధంతినాడు, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో స్మారకోపన్యాసం చేసినది ఆయన సిద్ధాంతాన్ని తిరస్కరించిన విర్కోయే.

నేటి తల్లిదండ్రులకు, పెద్దలకు

షోన్‌లైన్ పాఠం ఈనాటి ఇళ్లలోనూ ఉపయోగపడుతుంది. గాజుగ్లాసును మచ్చపై అదిమి చూసినప్పుడు మచ్చ తెల్లబడకుండా ఎర్రగానే కనిపిస్తే అది మామూలు దద్దురు కాకపోవచ్చు. అదే సమయంలో తీవ్రమైన జ్వరం, మగత, మెడ బిగుసుకుపోవడం ఉండి మచ్చలు వేగంగా వ్యాపిస్తుంటే ప్రాణాపాయకరమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు కనుక క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి. తీవ్రమైన కడుపునొప్పి, నెత్తుటి విరేచనం, ఎర్రని లేదా ముదురు రంగు మూత్రం కూడా అత్యవసర సూచనలే. పేగు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే ప్రమాదం కొందరు పిల్లలలో ఉంటుంది.

పెద్దలలో చర్మపు సూక్ష్మనాళాల వాపుకు కారణాలు మరింత విస్తృతం. పెన్సిలిన్, సల్ఫా వంటి మందులు, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, లూపస్, కీళ్లవాతం వంటి వ్యాధులు, అరుదుగా క్యాన్సర్ దీనికి దారితీస్తాయి. చాలామందిలో కారణం తేలదు. అందుకే ఇటీవల వాడిన ప్రతి మందు పేరునూ, నాటుమందులతో సహా, వైద్యునికి చెప్పాలి. కొత్తగా పుట్టిన మచ్చ నుంచి ఒకటి రెండు రోజులలోపు చిన్న ముక్క తీసి పరీక్షిస్తే నిర్ధారణ సులువవుతుంది. వ్యాధి చర్మానికే పరిమితమైతే విశ్రాంతి, కాళ్లను ఎత్తులో ఉంచడం, కారణమైన మందును వైద్యుల సలహాతో ఆపడం తరచుగా సరిపోతాయి. లోపలి అవయవాలకు సోకితే స్టెరాయిడ్లు, ఇతర మందులు అవసరం కావచ్చు.

పిల్లలలో ఎక్కువమంది నాలుగు వారాలలో కోలుకుంటారు. సుమారు మూడవ వంతు మందిలో మచ్చలు తిరగబెడతాయి. మచ్చలు మాయమయ్యాయి, పిల్లవాడు ఆడుకుంటున్నాడు, ఇక భయం లేదని భావించి పరీక్షలు మానేసే దశలోనే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. మూత్రపిండం మొదట నొప్పి చెప్పదు. అందువల్ల మచ్చలు తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలల పాటు వైద్యులు చెప్పిన వ్యవధిలో మూత్రపరీక్ష, రక్తపోటు పరీక్ష చేయించాలి. ఖర్చు తక్కువ, శ్రమ తక్కువ. ఒక పిల్లవాని మూత్రపిండాలను జీవితాంతం కాపాడగల పరీక్ష అది.

వుర్జ్‌బర్గ్ వార్డులో రోగి మూత్రాన్ని పరీక్షకు పంపమని షోన్‌లైన్ పట్టుబట్టిన నాటికి, తాను వర్ణించబోయే వ్యాధికి మూత్రపిండాలతో సంబంధముందని ఆయనకు తెలియదు. కంటికి కనిపించే గుర్తు దగ్గర ఆగిపోవద్దన్నదే ఆయన పెట్టుకున్న నియమం. కాళ్లపై మచ్చలు మానిపోయిన పిల్లవాడిని మరుసటి నెల, ఆపై నెల కూడా పరీక్షకు తీసుకువెళ్లే తల్లిదండ్రులు ఆ నియమాన్నే పాటిస్తున్నారు.